కాదు డబ్బాలో నీళ్ల చీటీ

మా అత్తయ్య, అంటే మా నాన్నకి చెల్లెలు, మనిషి మాట కంటే బల్బు మాటే ఎక్కువ నమ్మేది. ఈ మాట ఎదురుగా అంటే ఒంటికాలి మీద లేస్తుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆవిడకి ఇంత చదివే ఓపిక ఎలాగూ లేదు.

మా ఇంటి కింద గదే ఆవిడ షాపు. ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఇస్త్రీ పెట్టెలు, ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్లు కాచే హీటర్లు బాగుచేస్తోంది. లోపలికి పోవాలంటే మనిషి పక్కకి తిరిగి నడవాలి. పైన కొక్కేలకి ఫ్యాను రెక్కలు, కింద రాగి తీగ చుట్టలు, ఒక మూల ఎవరో ఇచ్చేసి మళ్లీ మొహం చూపించని మిక్సీలు. ఇంత ఇరుకులోనూ ఒక్క గోడ మాత్రం ఖాళీగా ఉంటుంది. ఆ గోడకి ఒక చెక్క బోర్డు. బోర్డు మీద హోల్డరు, హోల్డరులో నూరు వాట్ల పాతకాలపు బల్బు, కింద వేలాడుతూ రెండు పొడుగాటి తీగలు. దాన్ని సిరీస్ బోర్డంటారు. కరెంటు ముందు ఆ బల్బులోంచి వెళ్లి, తర్వాత మనం పరీక్షించే వస్తువులోంచి తిరిగి రావాలి. రెండు తీగలూ ఒకదానికొకటి తాకిస్తే బల్బు పూర్తిగా వెలుగుతుంది. మధ్యలో మంచి ఇస్త్రీ పెట్టె పెడితే కొంచెం తగ్గి వెలుగుతుంది. పెట్టె లోపల తీగ ఎక్కడైనా తెగితే వెలగనే వెలగదు.

అసలు పరీక్ష తర్వాతది. అత్తయ్య ఒక తీగ ప్లగ్గు పిన్నుకి, రెండోది పెట్టె ఇనుప ఒంటికి ఆనిస్తుంది. ఇప్పుడు బల్బు వెలగకూడదు. వెలిగితే లోపలి కరెంటు ఒంట్లోకి వస్తోందన్న మాట, ముట్టుకున్నవాడి పని అయిపోయినట్టే. వెలక్కపోతే సుద్దముక్కతో పెట్టె పిడి మీద ఒక టిక్కు పెట్టి "తీసుకుపో" అంటుంది. మా వీధిలో ఆ టిక్కుకున్న విలువ కంపెనీ కాగితానికి లేదు. పిల్లలు ఆవిడని బల్బత్తయ్య అనేవాళ్లు. ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది గానీ లోపల సంబరపడేదని నాకు తెలుసు.

ఆ పని ఆవిడకి మా తాతయ్య నేర్పాడు. కొడుక్కి నేర్పుదామనే మొదలుపెట్టాడుగానీ, మా నాన్న మొదటి రోజే తిరుగుతున్న ఫ్యానులో స్క్రూడ్రైవరు పడేసి, రెండో రోజు నుంచి ఆ వైపు చూడలేదు. అత్తయ్యకి అప్పుడు తొమ్మిదేళ్లు. నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు. ఒక ప్రశ్న పట్టుకుని తాతయ్య వెంటపడింది.

"నాన్నా, గోడ మీద తీగలోనూ అదే కరెంటు, బల్బులో తీగలోనూ అదే కరెంటు. గోడ తీగ చల్లగా ఉంటుంది, లోపలిది అంత ఎలా మండుతోంది?"

తాతయ్య మాడిపోయిన బల్బొకటి తువ్వాల్లో చుట్టి పగలగొట్టి, లోపలున్న తీగని చూపించాడట. వెంట్రుక కంటే సన్నం, అందులోనూ స్ప్రింగులా మెలికలు. "గోడ తీగ పెద్ద రోడ్డు, ఇది ఇరుకు సందు. అంతమంది జనమూ ఇందులోంచే తోసుకుంటూ పోవాలి. వేడి పుట్టదూ?" అన్నాడు. అత్తయ్య ఆ జవాబు తీసుకెళ్లి రెండు రోజులు నమిలింది. మూడో రోజు గిన్నెలు తోమే ఇనుప పీచులోంచి ఒక పోగు లాగి, టార్చిలైటు సెల్లు రెండు చివరలకీ ఆనించింది. పోగు ఎర్రబడి, మెరిసి, చుర్రుమని మాయమైంది. వేలు కాలింది. కాలిన వేలు నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చి, "ఇది కాలిపోయింది, మరి బల్బులోది ఎందుకు కాలిపోదు?" అని అడిగిందట.

కాలడానికి గాలి కావాలని, బల్బులోంచి ఆ గాలి తీసేసి మంటని రానివ్వని వేరే వాయువు నింపుతారని, ఆ తీగ టంగ్‌స్టన్ అనే లోహమని, ఇనుము కరిగి నీరయ్యే వేడిలో కూడా అది నిబ్బరంగా ఉంటుందని తాతయ్య చెప్పాడు. అత్తయ్య అప్పుడు మాడిన బల్బు గాజుకి లోపల పట్టిన నల్లటి మసి చూసి, "అయితే ఇది కూడా కొంచెం కొంచెంగా ఆవిరైపోతోంది, అందుకే ఒకరోజు తెగుతుంది" అందట. ఇది ఆవిడంతట ఆవిడే కనిపెట్టింది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు పెంచి చెబుతుంది.

ఆ వారమే రెండు బిస్కెట్ డబ్బాలు తెచ్చి, ఒకదాని మీద 'అవును' అనీ, రెండోదాని మీద 'కాదు' అనీ రాసింది. రెండు సెల్లులు, చిన్న టార్చి బల్బు, రెండు తీగ ముక్కలు కలిపి ఒక పరికరం చేసింది. ఇంట్లో ఏది దొరికితే దాన్ని ఆ రెండు తీగల మధ్య పెట్టడమే పని. బల్బు వెలిగితే అవును డబ్బాలోకి, వెలక్కపోతే కాదు డబ్బాలోకి. తాళంచెవి, మేకు, చాక్లెట్ చుట్టిన వెండి కాగితం అవును. దువ్వెన, రబ్బరు, గాజు గోళీ, సుద్దముక్క కాదు. పెన్సిల్ దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. చెక్క కాదంటుంది, లోపలి నల్లముక్క అవునంటుంది. చివరికి పెన్సిల్ని నిలువునా చీల్చి దేని డబ్బాలో దాన్ని వేసింది. రంగు వేసిన తాళంచెవి ముందు కాదంది, గోటితో గీకితే అవునంది. పాత ఇస్త్రీ పెట్టెలోంచి తీసిన అభ్రకం రేకంటే ఆవిడకి ప్రాణం. వేడిని చక్కగా పోనిస్తుంది, కరెంటుని మాత్రం గుమ్మం దగ్గరే నిలబెట్టేస్తుంది. అలాంటిది ఇంకోటి దొరుకుతుందేమోనని ఇల్లంతా వెతికిందట.

డబ్బాలో పట్టని వాటికి చీటీలు రాసి వేసేది. 'గోడ', 'కిటికీ ఊచ', 'నాన్న చెప్పు'. అలాంటి చీటీల్లోనే ఒకటి 'నీళ్లు'. గ్లాసుడు నీళ్లలో రెండు తీగలూ ఒకదానికొకటి తగలకుండా ముంచింది. బల్బు వెలగలేదు. చీటీ రాసి కాదు డబ్బాలో పడేసింది.

"తడి చేత్తో స్విచ్చి ముట్టకు" అని తాతయ్య రోజూ అనేవాడు.

"నీళ్లలో కరెంటు పోదుగా నాన్నా, నేను చూశాను."

తాతయ్య ఆ సమయంలో నిచ్చెనెక్కి, నోట్లో రెండు స్క్రూలు పెట్టుకుని ఫ్యాను బిగిస్తున్నాడు. "పోకపోయినా ముట్టకు" అన్నాడు. అంతే, ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. ఆ చీటీ యాభై ఏళ్లు ఆ డబ్బాలోనే ఉంది.

నేను పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాను. మీటర్లు తుడవడం, విద్యార్థులు కాల్చిన ఫ్యూజులు మార్చడం నా ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి గొప్పకి పోయి, "అత్తయ్యా, కుళాయి నీళ్లలో ఉప్పులూ గిప్పులూ కరిగి ఉంటాయి, కొంచెం కరెంటు పోతుంది" అన్నాను.

"బల్బు వెలిగిందా?"

"వెలగదు, కానీ..."

"మరింకేం?" అని స్క్రూడ్రైవరు ఎత్తుకుంది. ఆవిడ పట్టిన పట్టు విడిపించడం నా వల్ల కాలేదు. నిజం చెప్పాలంటే నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

షాపుకి సరిగ్గా ఎదురుగా ఇస్త్రీ పిన్ని షాపు. నాకు వరసకి పిన్నేమీ కాదు, చిన్నప్పటి నుంచీ అలవాటైన పిలుపు. ఆవిడా అత్తయ్యా నలభై ఏళ్ల నేస్తాలు. రెండు షాపుల మధ్య వీధి ఎంత సన్నమంటే, కూర్చున్న చోటి నుంచే ఇద్దరూ మాట్లాడుకునేవారు, మధ్యలో పోయే సైకిళ్లవాళ్లు ఆ కబుర్లలోంచే దూరి వెళ్లేవారు. పిన్ని పక్క వీధి హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఎడం చేత్తో గిన్నెలో నీళ్లు తీసి చిలకరించడం, కుడి చేత్తో పెట్టె తోయడం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి డెబ్బై దుప్పట్లు మడతపడేవి. ఆవిడ మడత పెట్టిన దుప్పటి అంచు మీద స్కేలు పెట్టుకోవచ్చు.

రెండేళ్ల కిందట వానాకాలంలో పిన్ని షాపులో ట్రిప్పర్ పడిపోవడం మొదలైంది. ట్రిప్పరంటే, కరెంటు కాస్త దారి తప్పినా ఠప్పున పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చి. ప్రతి పొద్దునా పడేది. దుప్పట్లు ఆలస్యమై హోటలు వాళ్లు గోల పెట్టారు. అత్తయ్య పెట్టెని బల్బుకి ఆనించి చూసింది, వెలగలేదు. "పెట్టె బంగారం. ఆ ట్రిప్పరుకే పిరికితనం ఎక్కువ" అని అరగంట కూర్చుని ఏదో చేసింది. మర్నాటి నుంచి పడలేదు.

ఈ ఏడు వానలు పడ్డ మొదటి వారంలో పిన్ని పెట్టె పట్టుకొచ్చింది.

"ఏమే, ఇది చెయ్యి జుమ్మనిపిస్తోంది."

అత్తయ్య బల్బు పరీక్ష చేసింది. వెలగలేదు. టిక్కు పెట్టి ఇచ్చేసింది. నాలుగు రోజులకి పిన్ని మళ్లీ వచ్చింది, మళ్లీ వెలగలేదు, మళ్లీ టిక్కు. మూడోసారి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"నీకు నరాల బలహీనతే. ఈ వయసులో చేతులు తిమ్మిరెక్కుతాయి. డాక్టరుకి చూపించుకో" అంది అత్తయ్య.

"నా చెయ్యి నాకు తెలియదా?"

"తెలిస్తే బల్బు వెలిగేది."

పిన్ని మూతి ముడుచుకుని పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు వీధికి అటూ ఇటూ మాటల్లేవు. నేను ల్యాబులోంచి ఒక మీటరు తెస్తానని అన్నాను. "మీటరు సూదిని ఎటు ఊదితే అటు తిరుగుతుంది. బల్బుకి అబద్ధం రాదు" అని కొట్టిపారేసింది అత్తయ్య.

మూడు రోజుల తర్వాత, పొద్దున ఆరున్నరకి, ఎదుటి షాపులోంచి కేక వినిపించింది. అత్తయ్య పళ్లు తోముకుంటున్న బ్రష్షుతోనే పరిగెత్తి ముందు ప్లగ్గు లాగేసింది. పిన్ని బల్లకి అవతల పడి ఉంది. పెట్టె కొట్టిన దెబ్బకి చెయ్యి విసురుగా వెనక్కి వెళ్లి, మనిషి తూలి, మణికట్టు బల్ల అంచుకి తగిలి విరిగింది. ప్రాణానికేం కాలేదు. ఆసుపత్రిలో కట్టు కట్టారు. బయటికొచ్చాక పిన్ని మెట్ల మీద ఆగి అత్తయ్యతో అంది.

"మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ దాన్నే అడిగావు. నన్ను ఒక్కసారి అడగలేదు."

అత్తయ్య ఇంటికొచ్చి షట్టరు దించేసింది. మెట్ల మీద కూలబడి నాతో చెప్పింది. "అది ఎందుకు కొట్టిందో తెలిసేదాకా ఈ షట్టరు లేవదు. తెలియకపోతే ఆ గదిని ఎవరికైనా ఇచ్చెయ్. ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో నా టిక్కు ఉందో నాకే లెక్క లేదు. ఆ టిక్కు చూసి ఎంతమంది తడి చేత్తో ముట్టుకుంటున్నారో." ఆవిడ గొంతులో భయం వినడం నాకు అదే మొదలు. మా ఇంట్లో హీటరు మీదా ఆ టిక్కే ఉంది మరి.

ఆ మధ్యాహ్నం ఇంటి వైపు తలుపులోంచి షాపులోకి వెళ్లి పెట్టెని బల్బుకి ఆనించింది. వెలగలేదు. తిప్పి ఆనించింది, పెట్టెని ఊపి ఆనించింది, తలకిందులు చేసి ఆనించింది. వెలగలేదు. విప్పి లోపల చూసింది. ఈ కాలపు పెట్టెల్లో వేడి పుట్టించే తీగ ఒక గొట్టంలో ఉంటుంది, చుట్టూ తెల్లటి పొడి కూరి ఉంటుంది. వేడిని పోనిచ్చి కరెంటుని ఆపడం ఆ పొడి పని, అభ్రకం చేసిన పనే. గొట్టం ఎక్కడా చిట్లలేదు. తీగలు ఎక్కడా ఒరుసుకోలేదు. బంగారంలాంటి పెట్టె.

"నువ్వెళ్లి దాన్ని అడుగు, ఎలా కొట్టేదో" అంది నాతో.

"నేనెందుకు? అడగలేదని నిన్నేగా అంది" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

అత్తయ్య వీధి దాటింది. నేనూ వెనకే వెళ్లాను. పిన్ని కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఎప్పుడెప్పుడు కొట్టేదే?" అంది అత్తయ్య.

"ఇప్పుడా అడగడం?"

"ఇప్పుడే."

పిన్ని గోడతోనే చెప్పింది. "పొద్దున్నే. మొదటి దుప్పటికీ, రెండోదానికీ. పెట్టె బాగా కాగాక ఎప్పుడూ లేదు. ఎండ కాసిన రోజు లేదు. చెయ్యి తడిగా ఉంటే ఎక్కువ."

అత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మూడుసార్లూ పెట్టె తన దగ్గరికి వచ్చింది మధ్యాహ్నం, దుప్పట్ల పని అయిపోయాక. "మధ్యాహ్నం పెట్టె వేరు, పొద్దుటి పెట్టె వేరు" అని తనలో తను అనుకుంటూ ఇంటికొచ్చింది. ఆ రాత్రికి పెట్టెని మామూలుగా అది ఉండే చోటే, పిన్ని బల్ల కింద, తడి దుప్పట్ల మూటల పక్కన పెట్టి వచ్చింది. నాతో మాత్రం మొహం చూడకుండా, "రేపు నీ మీటరు పట్టుకురా" అంది.

మర్నాడు ఆరింటికి ముగ్గురం పిన్ని షాపులో ఉన్నాం. పిన్ని దూరంగా కుర్చీలో కూర్చుంది. నేను కాళ్ల కింద రబ్బరు పట్టా పరిచాను. అత్తయ్య సిరీస్ బోర్డుని గోడ నుంచి ఊడదీసి తెచ్చింది, ముప్ఫై ఏళ్లలో అది వీధి దాటడం అదే మొదటిసారి. పెట్టె ఒంటికి తీగ ఆనించింది. బల్బు వెలగలేదు. టెస్టరు స్క్రూడ్రైవరు పెట్టింది, దాని పిడిలో ఉండే చిన్న గాజుదీపం ఎర్రగా వెలిగింది. "ఇది అల్లరిది, ఊరికే వెలుగుతుంది" అంది గానీ గొంతులో మునుపటి జోరు లేదు. అప్పుడు నేను మీటరు పెట్టాను.

"పద్దెనిమిది మిల్లీ ఆంపియర్లు అత్తయ్యా."

"అంటే ఎంత?"

"ఒకటి దాటితే మనిషికి జుమ్మంటుంది. పది దాటితే పట్టుకున్న చెయ్యి వదలడం కూడా కష్టం."

"నా బల్బు వెలగాలంటే ఎంత కావాలి?"

ఆ ప్రశ్న ముప్ఫై ఏళ్లలో ఆవిడకి రాలేదు, ఉద్యోగంలో అన్నేళ్లున్నా నాకూ రాలేదు. షాపులోంచి తిప్పే గుబ్బ ఉన్న రెగ్యులేటరొకటి తెచ్చి, మీటరు మధ్యలో పెట్టి, బల్బుకి కరెంటు కొంచెం కొంచెంగా పెంచాం. ఇరవై. చీకటి. యాభై. చీకటి. ఎనభై. చీకటే. అత్తయ్య బల్బు మీదికి వంగి చూస్తోంది. నూట నలభై దగ్గర లోపలి తీగ నిప్పురవ్వంత ఎర్రబడింది. పూర్తి వెలుగు రావడానికి నాలుగు వందలు దాటాలి.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ల అత్తయ్య అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. బల్బు వెలగడమంటే ఆ సన్నతీగ కొలిమిలోలా కాగాలి. అంత కాగాలంటే అంత కరెంటు తోసుకుపోవాలి. తక్కువైతే కరెంటు వెళ్తూనే ఉంటుంది, తీగ చల్లగానే ఉంటుంది, మన కంటికి ఏమీ కనిపించదు.

"పద్దెనిమిదికీ నూట నలభైకీ మధ్య ఉన్నదంతా దీనికి కనపడదు" అంది అత్తయ్య. "మనిషిని చంపేది ఆ మధ్యలోనే ఉంది."

తర్వాత పెట్టెని చెయ్యి తగలకుండా అరగంట కాగనిచ్చి, ప్లగ్గు తీసి, మళ్లీ మీటరు పెట్టి చూశాం. పద్దెనిమిది కాస్తా ఒకటి కంటే కిందకి దిగింది. రాత్రంతా ఆ గొట్టం చివర్లలోంచి తెల్లపొడి తేమ పీల్చుకుంటోంది, పొద్దున ఆ తేమలోంచి కరెంటు ఒంట్లోకి పాకుతోంది, కాగాక తేమ ఎండిపోయి దారి మూసుకుపోతోంది. అంతా నీళ్ల పని.

"చిన్నప్పుడు గ్లాసులో చూశానే, వెలగలేదే" అంది అత్తయ్య చిన్నపిల్లలా.

"రెండు సెల్లులతో చూశావు. ఇంటి కరెంటు దానికి డెబ్బై రెట్లకి పైగా బలంగా తోస్తుంది. సెల్లుతో కూడా కొంచెం వెళ్లే ఉంటుంది, ఆ బల్బుకి చాలలేదు."

కారణం తెలిసింది కదా, ఇక లేచి షట్టరెత్తుతుందనుకున్నాను. ఆవిడ కదల్లేదు. "ఇంత కారుతుంటే ఎర్త్ తీగ దాన్ని భూమిలోకి లాక్కుపోవాలిగా. అప్పుడు ట్రిప్పర్ పడాలిగా. ఎందుకు పడలేదు?" అని పెట్టె ప్లగ్గు విప్పింది.

పై పెద్ద పిన్నుకి తీగ లేదు. ఎర్త్ తీగ వెనక్కి మడిచి, నల్ల టేపు చుట్టి ఉంది. టేపు చివర చిన్నగా మడిచి తోకలా వదిలి ఉంది. తర్వాత విప్పేవాళ్లకి గోరు పట్టడానికని అలా తోక వదలడం ఈ వీధిలో ఒక్కరికే అలవాటు.

రెండేళ్ల కిందట ఆ అరగంటలో అత్తయ్య ఏం చేసి మరిచిపోయిందో మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ట్రిప్పర్ పిరికిది కాదు. అది నిజమే చెప్పింది, ఈవిడ దాని నోరు కట్టేసింది. పిన్నికి మా మాటలు వినపడుతున్నా ప్లగ్గు కనపడటం లేదు. నేనప్పుడు ఒక సిగ్గుమాలిన పని చేశాను. గొంతు తగ్గించి, "ఆ టేపు తీసి తీగ బిగించెయ్ అత్తయ్యా. తేమ వల్లే అని చెప్దాం. అదీ నిజమే కదా" అన్నాను.

అత్తయ్య నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ప్లగ్గు తీసుకెళ్లి పిన్ని ఒళ్లో పెట్టింది.

"ఇది నేనే తీశానే. ఇది ఉంటే నీకు దెబ్బ తగిలేది కాదు, స్విచ్చి పడిపోయేది. బల్బు వెలగలేదు కాబట్టి స్విచ్చిదే తప్పనుకున్నాను. తర్వాత నీదే తప్పనుకున్నాను."

పిన్ని ఆ టేపు తోకని బొటనవేలితో తడుముతూ కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది. నలభై ఏళ్ల స్నేహం, నరాల బలహీనత, డాక్టరు, హోటలు దుప్పట్లు, అన్నీ కలిపి కడిగి పారేసింది. వీధిలో సైకిళ్లు ఆగిపోయాయి. అత్తయ్య తల దించుకుని అంతా విన్నది. చివర్లో పిన్ని, "ఇక ఆ పెట్టె నేను ముట్టను. నువ్వు టిక్కు పెట్టినా ముట్టను" అంది.

"ముట్టొద్దు" అంది అత్తయ్య. "నీ కట్టు విప్పేదాకా నేను ముట్టుకుంటాను."

కొత్త ఎలిమెంటు, అంటే పొడి కూరిన ఆ గొట్టం, వేసింది. ఎర్త్ తీగ బిగించింది, గోడలోని ఎర్త్ కూడా నిజంగా పనిచేస్తోందో లేదో నా చేత పరీక్ష చేయించింది. ట్రిప్పర్ మీది బొత్తాం నొక్కి అది పడుతోందో లేదో ఆరుసార్లు చూసింది. మర్నాటి నుంచి ఆరు వారాలు, పొద్దున ఆరింటికి వెళ్లి, పిన్ని చూస్తుండగా, ముందు మీటరు పెట్టి చూసి, ఆ తర్వాత తడి చేత్తో పెట్టె పట్టుకుని హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసింది. చేసిందని అనాలి కాబట్టి అంటున్నాను. ఫ్యాను తీగ చుట్టడం వచ్చిన చేతులకి దుప్పటి మడత రాదు. నాలుగు మూలలు నాలుగు దిక్కులు చూసేవి. పిన్ని కుర్చీలోంచి, "అది దుప్పటా, నలిపి పారేసిన కాగితమా?" అని అరిచేది. మొదటి వారం అవే మాటలు. మూడో వారానికి టీ వచ్చింది, ఒకే ఒక గ్లాసు, పిన్నికి మాత్రమే. అయిదో వారానికి రెండు గ్లాసులు వచ్చాయి.

మధ్యాహ్నాలు అత్తయ్య సంచిలో మీటరు వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. తన టిక్కు కనిపించిన ప్రతి పెట్టెనీ, ప్రతి హీటరునీ మళ్లీ పరీక్షించింది. తడిగుడ్డతో టిక్కు తుడిచేసేది. "ఇది ముట్టుకుంటే ఎప్పుడైనా జుమ్మందా? ఎప్పుడు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కూర్చునేది. కరెంటు కారుతున్నవి మూడు హీటర్లు, ఒక మిక్సీ దొరికాయి. మా ఇంటి హీటరు వాటిల్లో ఒకటి. ఆ సాయంత్రమే బిస్కెట్ డబ్బా మూడోది తెమ్మంది. దాని మీద 'కొంచెం' అని తనే రాసి, కాదు డబ్బాలో అడుగున పసుపురంగుకి తిరిగిన నీళ్ల చీటీ వెతికి తీసి అందులో వేసింది. ఇంకో చీటీ మీద 'మనిషి' అని రాసి దాని పక్కనే వేసింది. షట్టరు మాత్రం అప్పటికీ లేపలేదు.

కట్టు విప్పిన మర్నాడు పిన్ని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. అత్తయ్య మామూలుగా మీటరు పెట్టి చూసింది, తడి చెయ్యి పెట్టె ఒంటికి ఆనించింది, పక్కకి జరిగింది. పిన్ని గిన్నెలో వేళ్లు ముంచింది. ముంచాక ఆగిపోయింది. వేళ్ల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నీ బల్బేది?" అంది.

"తేలేదు."

"మరెలా తెలుస్తుంది?"

"నువ్వే చెప్పాలి."

పిన్ని కళ్లు మూసుకుని చెయ్యి పెట్టె మీద పెట్టింది. నేను ట్రిప్పరు వైపు చూస్తున్నాను, అత్తయ్య మాత్రం పిన్ని మొహం తప్ప ఇంకేమీ చూడటం లేదు. ఒక దుప్పటి మడత పెట్టేంత సేపు గడిచింది.

"ఏమీ తెలియట్లేదే" అంది పిన్ని.

అత్తయ్య మడత పెట్టిన దుప్పట్ల దొంతర మీద కూలబడి ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం నేను పుట్టాక చూడలేదు. పిన్ని పెట్టె తోస్తూనే, వెనక్కి తిరక్కుండా అంది.

"లేవవే, అవి నిన్న నేను ఒంటి చేత్తో మడత పెట్టినవి. వెళ్లి షట్టరెత్తు."